సముద్రంలో పిడికెడు చక్కెర

నిజామాబాద్ నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం చేరడానికి ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అలాంటి ఊళ్లో, మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఒక సముద్రం ఉంది. నాలుగడుగుల గాజు తొట్టి, అందులో ఉప్పు నీళ్లు, రాళ్లు, ఆ రాళ్లకు అతుక్కుని బతికే పగడాలు, వాటి మధ్య తిరిగే అయిదారు చేపలు, ఎర్రచారల చిన్న రొయ్య ఒకటి. దాన్ని నేను కోరి తెచ్చుకోలేదు. నోరు మొద్దుబారి ఉన్నప్పుడు ఒప్పుకున్నాను.

ఖలీల్‌వాడీలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి దవడ పన్ను కోసం చాలాసార్లు తిరిగాను. వెయిటింగ్ హాల్లో అందరూ గడియారం చూస్తుంటే నేను ఆయన పెట్టుకున్న తొట్టిని చూస్తూ కూర్చునేదాన్ని. చివరిసారి సూది మందు ఇచ్చాక ఆయన హైదరాబాద్‌కు మారిపోతున్నానని, ఈ తొట్టిని ప్రేమగా చూసుకునేవాళ్లు కావాలని చెప్పారు. "నేను ఎవరినైనా చూసి చెబుతాను" అనబోయాను. సగం నాలుక పనిచేయక, నోట్లోంచి "నే...ను" అన్నంతవరకే వచ్చింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మరుసటి ఆదివారం తొట్టి ఆటోలో మా ఇంటికి వచ్చేసింది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచర్ని. రోజూ స్కూటీ మీద మోస్రా దాటి వెళ్లి వస్తాను. మా ఆయనకు మోటారు వైండింగ్ షాపు. బోరు మోటార్లు కాలిపోతే రాగి తీగ కొత్తగా చుట్టి ఇస్తారు. నీళ్లను పైకి తోడే యంత్రం ఏదైనా ఆయనకు చుట్టమే. నేను తిట్లకు సిద్ధపడి ఉంటే ఆయన తొట్టి కింద అలమరలోకి తల పెట్టి, పంపులను తడిమి, "మస్తు చిన్న మోటరు, సప్పుడు గూడ లేదు" అని మురిసిపోయారు.

మా అత్తమ్మను ఒప్పించడమే కష్టమైంది. ఆమెది బోధన్. జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి. ఇప్పుడు మానేసినా ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఇంకా ఏదో చుడుతూనే ఉంటాయి. తొట్టికి కావలసిన సముద్రపు ఉప్పు సంచి కొరియర్‌లో రాగానే ఆమె గుమ్మంలోనే ఆపింది.

"ఉప్పు గూడ కొరియర్ల తెప్పిచ్చుకుంటరా? బోధన్ల తెలిస్తే నవ్వుతరు."

"ఇది వేరే ఉప్పు అత్తమ్మా."

"ఉప్పుల వేరే ఏముంటది? ఉప్పగుంటది, గంతే."

తర్వాత రోజు తొట్టి ముందు నిలబడి, పచ్చటి వేళ్లలా ఊగుతున్న ఒక పగడాన్ని చూసి "గీ పువ్వు మంచిగున్నది" అంది. అది పువ్వు కాదని, పగడమని, అదొక ప్రాణి అని చెప్పాను. ఆమె గాజుకు ముక్కు ఆనించి చూసింది.

"పగడం ఉంగరంల పెట్టుకుంటరు గద. గది ప్రాణమా?"

ఆ మాట ఆమె నోట్లో ఆగలేదు. వారం తిరక్కుండా మా వీధిలో ఒకావిడ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. బిడ్డకు కుజదోషం ఉందట, చిన్న ముక్క విరిచి ఇస్తే చాలట. ఆమెకు పగడాల జీవశాస్త్రం చెప్పి పంపేసరికి నా సాయంత్రం అయిపోయింది. ఆమె గిన్నె మర్చిపోయి వెళ్లింది.

కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. చేపలు తిన్న తిండి, విసర్జించిన వ్యర్థం కుళ్లి చివరికి నీళ్లలో రెండు పదార్థాలుగా మిగులుతాయి. ఒకటి నైట్రేట్, రెండోది ఫాస్ఫేట్. ఇవి పెరిగితే నాచు పట్టి పగడాలు దెబ్బతింటాయి. అందుకే డాక్టరుగారు వెళ్తూ వెళ్తూ తుప్పు రంగు గుళికల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టారు. వాటిని చిన్న వలసంచిలో వేసి నీళ్ల దారిలో ఉంచితే ఫాస్ఫేట్‌ను పీల్చేస్తాయి. "ఫాస్ఫేట్ మన శత్రువు మేడమ్. ఈ సంచి లేకుండా ఒక్క రోజు కూడా ఉంచకండి" అన్నారు. నేను టీచర్ని. పెద్దవాళ్లు చెప్పింది తూచా తప్పకుండా చేసే జాతి. గుళికలు పాతబడకముందే కొత్తవి మార్చేదాన్ని. పరీక్ష గొట్టంలో నీళ్లు తీసి చుక్కలు వేస్తే ఫాస్ఫేట్ ఉంటే నీలం రంగు తేలాలి. మా నీళ్లు ఎప్పుడూ మంచినీళ్లలా తెల్లగానే ఉండేవి. ఫాస్ఫేట్ సున్నా! వందకు వంద తెచ్చుకున్న పిల్లలా పొంగిపోయేదాన్ని.

నైట్రేట్ పరీక్ష మాత్రం వేరే కథ చెప్పేది. అందులో రంగు ఎరుపు. మొదట్లో లేత గులాబీ, తర్వాత తాంబూలం రంగు, కార్తీకమాసం వచ్చేసరికి బీట్‌రూట్ రసం. పచ్చటి వేళ్ల పగడం వేళ్లు ముడుచుకుని పాలిపోయింది. నీళ్లు మార్చాను. మళ్లీ మార్చాను. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి బీట్‌రూట్ తిరిగి వచ్చేది.

సరిగ్గా అప్పుడే మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు.

మాల వేసుకున్న ఇంట్లో ఏం జరుగుతుందో మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆయన పేరు పోయి స్వామి అయ్యారు. కన్నతల్లి కూడా "స్వామీ, టిఫిన్ చేసినవా?" అనాల్సిందే. నేనేమో ఆయనకు మాతను. పదిహేనేళ్ల కాపురం తర్వాత మొగుడు మనల్ని "మాతా" అని పిలిస్తే ఎలా పలకాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో నీసు బంద్. మొదటిరోజే ఆయన ఫ్రిజ్ తెరిచి, చేపల కోసం గడ్డకట్టించి పెట్టిన రొయ్యల పాకెట్టు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"మాతా, గిది ఇంట్ల ఉండొద్దు."

"మరి చేపలేం తింటయి?"

"మండలం రోజులు గవి గూడ శాకాహారం తింటయి."

"సముద్రం చేపలు స్వామీ!"

"అయితే ఏమాయె? మన ఇంట్ల ఉన్నయి గద."

గోలీల్లాంటి ఎండు మేత డబ్బా ఒకటి ఉంది. దాని మీద ఏమేం కలిపారో చదవబోతే ఆయన చేయి అడ్డం పెట్టి "సదువకు. నాకు తెల్వకుంటే నయం" అన్నారు. రొయ్యల పాకెట్టు పట్టుకుని పక్కింటి ఖాలా దగ్గరికి వెళ్లాను. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. మా గోడ, వాళ్ల గోడ ఒకటే. వాళ్లు తాతల కాలం నుంచి ఆ వీధిలోనే ఉన్నారు. ఖాలా పాకెట్టు తీసుకుని డీప్ ఫ్రిజ్‌లో తన ఖీమా పక్కన సర్దింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. మీ స్వామి శబరిమల పోయి వచ్చేదాక గివి మా మెహమాన్లు, మా సుట్టాలు" అంది.

ఆ తర్వాత నైట్రేట్ ఇంకా పెరిగింది. కారణం ఒక ఆదివారం మధ్యాహ్నం బయటపడింది. సాయంత్రం మేత నేను వేస్తాను. ఆరోజు మధ్యాహ్నం నిద్రలేచి హాల్లోకి వస్తే అత్తమ్మ డబ్బా వంచి గోలీలు చల్లుతోంది.

"అత్తమ్మా, వీటికి రోజుకు ఒక్కసారే."

"మరి స్వామి పొద్దుగాల పెడ్తున్నడు గద."

"పొద్దుగాల పెడుతున్నడా?"

"పూజ కాంగనే పెడ్తడు. ఆకలిగొన్న ప్రాణికి పెట్టినంక గాని తింటలేడు. మధ్యాహ్నం గవి నా దిక్కే సూస్తయి, నేనేం జెయ్యాలె?"

అంటే ముగ్గురం ముప్పొద్దులా, ఒకరికి తెలియకుండా ఒకరం అన్నదానం చేస్తున్నాం. మేత డబ్బా తీసి నా బీరువాలో పెట్టాను. అయినా బీట్‌రూట్ అలాగే ఉంది.

తొట్టిలో పగడాలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. హైదరాబాద్ వాళ్లు, కోస్తా వాళ్లు, ఒకరిద్దరు బెంగళూరు వాళ్లు. నా గోడు అక్కడ చెప్పుకున్నాను. నీళ్లలో కంటికి కనబడని బాక్టీరియా ఉంటుందట. దానికి కాస్త తీపో, సారాయో పోస్తే అది పెరిగి నైట్రేట్‌ను తింటుంది. పెరిగిన బాక్టీరియాను తొట్టికి అమర్చిన నురగ తీసే యంత్రం బయటికి లాగేస్తుంది. అందరికంటే మంచిది ఏ రంగూ రుచీ కలపని వోడ్కా అని, రోజుకు కొన్ని చుక్కలు చాలని, నలుగురు ఏకగ్రీవంగా చెప్పారు.

స్వామిని అడగలేను. ఖాలా వాళ్లింట్లో మగవాళ్లను అడగడం ఇంకా అన్యాయం. బడి నుంచి వచ్చేటప్పుడు వర్ని రోడ్డులో, మా బడికీ మా ఇంటికీ దూరంగా ఉన్న వైన్ షాపు ఒకటి చూసి పెట్టుకున్నాను. ఎండకు కట్టుకునే స్కార్ఫ్ కళ్లు మాత్రమే కనిపించేలా బిగించి, స్కూటీ స్టాండు వేసి, కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"వోడ్కా. చిన్న సీసా. ఏం వాసన లేనిది."

కౌంటర్లో ఉన్నాయన నా కళ్లల్లోకి చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్! మీరు మా పోరికి సైన్స్ సెప్పే మేడమ్ గద? నమస్తే మేడమ్!"

మేడమ్ అన్న మాట వినగానే కౌంటరు పక్కన నిలబడిన నలుగురు మగవాళ్లు గ్లాసులు వెనక్కి దాచుకుని ప్రార్థన సమయంలో పిల్లల్లా నిటారుగా నిలబడ్డారు. ఒకాయన లుంగీ కూడా కిందికి దించుకున్నాడు.

"ఇది చేపలకు" అన్నాను.

"అవు మేడమ్, చేపలకే."

"నిజంగనే చెప్తున్న. నీళ్లల్ల పోస్త."

"నీళ్లల్లనే పొయ్యాలె మేడమ్. పచ్చిది మంచిది గాదు."

"అట్ల కాదు..."

"నేను ఎవలికి సెప్ప మేడమ్. మా బాపు గూడ కోళ్లకని తెస్తుండె." ఆయన సీసాను పేపర్లో చుట్టి, దాని మీద ఇంకో పేపరు చుట్టి, రెండు చేతులతో అందించాడు. ఆయన కళ్లల్లో ఉన్నంత జాలి నా రిజిస్టర్ పెళ్లి రోజున మా నాన్న కళ్లల్లో కూడా చూడలేదు.

సీసాను, దానికోసం కొన్న సూది లేని సిరంజిని తొట్టి కింద అలమరలో పంపుల వెనక దాచాను. రెండు రోజులు చుక్కలు వేశాను. మూడో రోజు అత్తమ్మ తుడుపుగుడ్డ కోసం అలమర తెరిచింది. నేను బడి నుంచి వచ్చేసరికి సీసా, సిరంజి హాలు మధ్యలో పీట మీద ఉన్నాయి. ఆమె ఎదురుగా కూర్చుని ఉంది.

"గిదేంది?"

కంగారులో నోటికి వచ్చింది చెప్పాను. "మందు, అత్తమ్మా."

"మందని నాకు గూడ ఎర్కనే."

"ఆ మందు కాదు. చేపల తొట్టికి మందు."

"చేపలు తాగుతయా?"

"చేపలు కాదు. నీళ్లల్ల కంటికి కనిపించని పురుగులుంటయి, అవి తాగుతయి."

ఆమె సిరంజిని వేలితో చూపించింది. "కంటికి కనిపియ్యనోళ్లు. సూదితోటి. స్వామి మాల మీదున్న ఇంట్ల." ఒక్కో ముక్కకూ గొంతు పెంచుతూ పోయింది. అప్పుడే షాపు నుంచి వచ్చిన స్వామి గుమ్మంలోనే ఆగి, సీసా వైపు చూడకుండా పైకప్పు వైపు చూస్తూ "మాతా, గిది అపచారం" అన్నారు. పైకప్పును చూస్తూనే పక్కకు నడిచి, పీట కాలికి తగిలి, "స్వామియే శరణమయ్యప్ప" అంటూ గదిలోకి వెళ్లిపోయారు.

సీసాను ఎక్కడ పెట్టాలి? గోడ అవతల ఖాలా గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. రొయ్యలను ఉంచుకుంది, కానీ నమాజు తప్పని మనిషిని ఈ మాట ఎలా అడగను? స్కూటీ డిక్కీలో పెట్టి బడికి తీసుకుపోతే ఉద్యోగమే పోతుంది. చివరికి పెరట్లో మోరీలో ఒంపేశాను. అత్తమ్మ వెనకాలే వచ్చి మోరీ మీద పసుపు నీళ్లు పోసింది.

ఆ తర్వాత ఆమె కాస్త చల్లబడి అసలు విషయం అడిగింది. బాక్టీరియాకు కావలసింది తీపి అని, సారాయి బదులు చక్కెర కూడా పనిచేస్తుందని చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"గీ ముచ్చట ముందుగాల సెప్పాలె గద! చక్కెర ముచ్చట బోధన్ పిల్లకు సెప్పకుండ సారదుకాణం పోయినవ్."

చిన్నప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల వెంట పరిగెత్తి గడలు గుంజుకుని తిన్న మనిషి ఆమె. చక్కెర పలుకును అరచేతిలో వేసి అటూ ఇటూ పొర్లించి అది ఎలాంటిదో చెప్పగలనంటుంది. మా చక్కెర డబ్బా వాసన చూసి, నాకేదో పెద్ద పదవి ఇస్తున్నట్టు "గిది నడుస్తది" అని అనుమతి ఇచ్చింది. నేను రోజూ గోటి మీద నిలిచేంత చక్కెర నీళ్లలో కలిపి పోసేదాన్ని. ఆమె నా వేలికొన చూసి నవ్వేది.

"గంత చక్కెరతోటి చీమ నోరు గూడ తీపి గాదు."

"ఎక్కువైతే ప్రమాదం అత్తమ్మా."

"చక్కెర ఎక్కువై ఎవలన్న చచ్చిండ్రా?" అంది, షుగర్ మాత్ర వేసుకోవడానికి నీళ్లు తాగుతూ.

ఎన్ని రోజులు పోసినా బీట్‌రూట్ బీట్‌రూట్‌గానే ఉంది. రాళ్ల మీద మాత్రం తెల్లటి జిగురు తీగలు కొన్ని వేలాడాయి. ఇంతలో మా ఇంట్లో స్వాముల భిక్ష రోజు దగ్గర పడింది.

భిక్ష అంటే ఆ మధ్యాహ్నం మాల వేసుకున్న స్వాములందరినీ పిలిచి భోజనం పెట్టడం. ఆరోజు పొద్దున్న పులిహోర కలుపుతూ హాల్లోకి తొంగి చూస్తే తొట్టి నీళ్లు మంచు పట్టినట్టు కనిపించాయి. గాజు మీద నూనె చేతులు పడ్డాయేమో అనుకున్నాను. గారెలు అయ్యేసరికి మంచు మజ్జిగ అయింది. స్వాములు నల్ల బట్టల్లో, వట్టి కాళ్లతో లోపలికి వచ్చి కూర్చునేసరికి మజ్జిగ కూడా దాటి చిక్కటి పాలు అయిపోయింది. లోపల ఏమీ కనిపించడం లేదు. అప్పుడప్పుడు ఒక నారింజ రంగు మూతి పైకి వచ్చి గాలి మింగి మునిగిపోతోంది.

గురుస్వామి అందరికంటే పెద్దాయన. ఎన్నోసార్లు కొండకు వెళ్లివచ్చారు. ఆయన తొట్టి ముందుకు వచ్చి, వంగి, గాజు మీద కారిన చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు.

"ఉప్పగున్నది! సముద్రం నీళ్లే. సూస్తె పాలు." ఆయన రెండు చేతులూ పైకెత్తారు. "స్వాములూ, పాలసముద్రం!"

ఇక చెప్పేదేముంది? హాలు హాలంతా శరణు ఘోషతో దద్దరిల్లింది. ఒకరు మెడలో పూలదండ తీసి తొట్టి మీద వేయబోయారు. ఒకరు చిల్లర కోసం సంచి వెతుకుతున్నారు. మూడో ఆయన కర్పూరం పళ్లెం పట్టుకుని బయలుదేరారు. నేను పులిహోర చేతులతోనే పరిగెత్తి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"పూలు వద్దు! పైసలు వద్దు! చేపలకు ఊపిరాడుత లేదు!"

అసలు సంగతి నాకు అర్థమైంది. బాక్టీరియా ఒక్కసారిగా విపరీతంగా పెరిగి నీళ్లలో ఉన్న గాలినంతా తాగేస్తోంది. మా ఆయన నా ముఖం చూశారు. మాల మీద ఉన్న స్వామి ఒక్క క్షణంలో మళ్లీ మోటార్ల మెకానిక్ అయిపోయారు. అలమరలోకి తల పెట్టి పంపుల మూతులు పైకి తిప్పారు. నీళ్లు పైపైన ఎగసిపడ్డాయి. అది సరిపోదని ఆయనకు తెలుసు.

"స్వాములూ, తలా ఒక చెంబు పట్టుండ్రి. నీళ్లు ముంచాలె, పైకెళ్లి పొయ్యాలె. గాలి కలువాలె."

"ముందు చేతులు కడుక్కోండి, సబ్బు వద్దు" అని అరిచాను. అది మడి కోసమని అనుకుని అందరూ కాళ్లు కూడా మోకాళ్లదాకా కడుక్కుని వచ్చారు. పదిమంది స్వాములు తొట్టి చుట్టూ నిలబడి స్టీలు చెంబులతో నీళ్లు ముంచి ఎత్తి పోస్తుంటే, ప్రతి చెంబుకూ ఒక శరణం పడుతుంటే, నేను వెనక బకెట్లలో ఉప్పు కలుపుతూ పాత నీళ్లు తోడి కొత్తవి పోశాను. విస్తర్లలో అన్నం చల్లారిపోయింది. సాంబారు మీద మీగడ కట్టింది. గురుస్వామి ఒక్కరే చెంబు వదలకుండా, ఇది ఏ అభిషేకమో అడగకుండా, చివరిదాకా పోశారు. పొద్దు వాలేసరికి చేపలు పైకి రావడం మానేశాయి. అప్పుడు అందరం తిన్నాం. పులిహోర బాగా కుదిరిందని అన్నారు. నిజానికి అందులో నేను ఉప్పు వేయడం మర్చిపోయాను. అందరి చేతులకూ ఉన్న ఉప్పుతో సరిపోయి ఉంటుంది.

చేపలన్నీ బతికాయి. పచ్చటి పగడం ముడుచుకుని అయినా ఉంది. ఎర్రచారల చిన్న రొయ్య ఒక్కటే పోయింది. అత్తమ్మ దాన్ని చెంచాతో పైకి తీసింది. తర్వాత "భిక్షనాడు పోయింది, పుణ్యాత్మురాలు" అని, చెంచా పక్కన పెట్టి, "నిన్న నేనే ఏసిన" అంది.

"ఏం వేసిండ్రు?"

"చక్కెర. పిడికెడు. స్వాములు వచ్చేసరికి నీళ్లు మంచిగైతే నువ్వు సంబురపడ్తవని." పిడికిలి మూసి చూపించింది. బీడీలు చుట్టిన చేయి, చిన్నదే. దాన్ని చూస్తే కోపం రాలేదు. ఆమె ఆ రాత్రి పాలు కూడా చక్కెర లేకుండా తాగింది.

నీళ్లు మళ్లీ తేటపడ్డాక పరీక్ష చేశాను. ఇంత గొడవ జరిగాక నైట్రేట్ నేలకు దిగి ఉండాలి. వెంట్రుకవాసి తగ్గింది, అంతే. ఒళ్లు మండి గ్రూపులో ఫోటోతో సహా పెట్టాను: "నైట్రేట్ మీద ఏదీ పనిచేయడం లేదు. ఫాస్ఫేట్ మాత్రం నా దగ్గర ఎప్పుడూ సున్నా." ఆ రెండో వాక్యం శభాష్ కోసం రాశానని దాచను. విశాఖపట్నం నుంచి ఒకాయన "అయ్యో" అని ఒక్క ముక్క రాసి, వెంటనే ఫోన్ చేశారు. ఆయన చాలా ఏళ్లుగా పగడాలు పెంచుతున్నారు.

"సున్నా ఏంటండీ? మరీ సున్నా అయితే ఎలాగండీ?"

"ఫాస్ఫేట్ శత్రువు కదండీ."

"ఎక్కువైతే శత్రువండీ. అసలు లేకపోతే ఆకలి. మీ బాక్టీరియా నైట్రేట్ తిని పెరగాలంటే దానికి కాసింత ఫాస్ఫేట్ కూడా కావాలండీ. మీరు అన్నం గుండిగ ముందు పెట్టి, పప్పు చుక్క కూడా వేయకుండా, ఎందుకు తినట్లేదని గద్దిస్తున్నారు. పాపం పగడాలకి కూడా అదే ఆకలండీ."

"మరి పిడికెడు చక్కెర పడ్డప్పుడు అంత పెరిగిందెలా?"

"రాళ్ల సందుల్లో ఎక్కడో దాగున్న కాస్త ఫాస్ఫేట్ ఊడ్చుకుని తినేసి ఆగిపోయుంటుందండీ. ఆ గుళికల సంచి ముందు తీసేయండి."

ఫోన్ పెట్టేసి అలమర తెరిచి తుప్పు రంగు సంచి వైపు చూశాను. నెల నెలా భక్తితో మార్చింది నేనే. నైట్రేట్ పెరుగుతుంటే దాని జోడీని నేనే రోజూ లాగి బయట పారేశాను. పదో తరగతి పిల్లలకు మొక్కల పోషకాలు చెప్పేటప్పుడు ఏ ఒక్కటి లేకపోయినా ఎదుగుదల ఆగిపోతుందని బోర్డు మీద రాయిస్తాను. మా హాల్లో ఆ పాఠం నాకు గుర్తురాలేదు. సంచి తీసేశాను.

అత్తమ్మకు చెబితే వెంటనే అందుకుంది. "ఫాస్ఫేట్ అంటే డీఏపీ గద? నందిపేట్ల మా తమ్ముని కొట్టంల సంచులున్నయి. ఫోన్ జేస్త."

"వద్దు అత్తమ్మా! అందులో అమ్మోనియా గూడ ఉంటది. చేపలు నిమిషంల పోతయి."

"పిడికెడు గూడ వద్దా?"

"పిడికిలి అన్న మాట వద్దు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. భిక్ష తర్వాత ఇద్దరం నవ్వడం అదే మొదలు.

స్వామి శబరిమల వెళ్లి వచ్చి మాల తీసి మళ్లీ మా ఆయన అయ్యారు. నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటిరోజు ఇద్దరికీ కాస్త సిగ్గేసింది. ఖాలా ఇంటి నుంచి రొయ్యలు తిరిగి వచ్చాయి. వాటిలో కూడా ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి సాయంత్రం కొద్దిగా కరిగించి వేసేదాన్ని. మొదట్లో గొట్టం తెల్లగానే ఉండేది. ఒకరోజు బడికి వెళ్లే తొందరలో చుక్కలు వేసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడుగున లేత నీలం కనిపించింది, ఉతికి ఉతికి వెలిసిన చొక్కా రంగులో. దాన్ని తరిమేయడానికి ఎన్ని నెలలు కష్టపడ్డానో, అదే రంగు చూసి వంటింట్లోకి పరిగెత్తి అత్తమ్మకు చూపించాను. ఆమె గొట్టం అటూ ఇటూ తిప్పి, "గింతనేనా?" అంది.

ఆ తర్వాత గోటి మీద చక్కెర పనిచేయడం మొదలుపెట్టింది. నురగ తీసే యంత్రం గిన్నెలోకి నల్లటి మురికి లాగింది. బీట్‌రూట్ తాంబూలానికి, తాంబూలం గులాబీకి దిగింది. ఒక్కసారిగా కాదు, ఎండాకాలం వచ్చేదాకా మెల్లమెల్లగా. పచ్చటి పగడం ముందు ఒక వేలు చాచింది, తర్వాత నాలుగు. పరీక్షల సెలవులు వచ్చేసరికి పక్కనే బఠాణీ గింజంత కొత్త తల వేసింది.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా తొట్టిని చూపించే అధికారం అత్తమ్మది. మొన్న మెండోర నుంచి ఆమె వదినె వాళ్లు వచ్చారు. నేను చాయ్ పెడుతూ వింటున్నాను.

"గీ నీళ్లల్ల రెండుంటయి వదినె. ఒకటి మస్తు ఎక్కువైతే పీడ, ఇంకోటి అసలే లేకుంటె పీడ. రెండు జోడు ఉండాలె. పేర్లు నన్నడుగకు, గవి మా కోడలికి ఎర్క."

"మరి ఏమేసి బాగు చేసిండ్రు?"

నేను స్టవ్ సన్నగా చేసి చెవి పెట్టాను.

"గది జర పెద్ద కథ తియ్. ముందుగాల చాయ్ తాగు" అంది అత్తమ్మ.